పాటల యాప్ బాగుంది, పాట రాసినవాళ్ల పేర్లే లేవు

ధర, ప్లాన్లు, సౌండ్ క్వాలిటీ గురించి నేను రాయను. అవి అన్ని యాప్‌లలోనూ ఇంచుమించు ఒకటే, కొన్నాళ్లు వాడితే ఎవరికైనా తెలిసిపోతాయి. డబ్బు కట్టి ఏళ్లుగా వాడుతున్న ఈ పాటల యాప్‌లో నన్ను ఇప్పటికీ బాధపెడుతున్న విషయం ఒక్కటే. పాట మొదలవగానే తెర మీద సినిమా పేరు వస్తుంది, గాయకుల పేర్లు వస్తాయి, సంగీత దర్శకుడి పేరు వస్తుంది. పాట రాసినవాళ్ల పేరు రాదు.

రేడియోలో వివిధ భారతి వింటూ పెరిగినవాళ్లకు ఇదెంత లోటో చెప్పక్కర్లేదు. జనరంజనిలో పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ వరసగా చెప్పేవారు. ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, కొసరాజు, సినారె, వేటూరి... వీళ్లలో ఎవరి ముఖమూ మేం చూడలేదు. ఆ పేర్లు వినీ వినీ, రెండు చరణాలు వినగానే ఇది ఫలానావారి పాట అని చెప్పగలిగేవాళ్లం. ఒక్కోసారి అదే మా ఇంట్లో పందెం. ఇప్పుడు మా పిల్లలకు వందల పాటలు నోటికి వచ్చు. ఏ పాట ఎవరు రాశారో అడిగితే మాత్రం తెలియదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లు పాటలు వినే చోట ఆ పేరే కనపడదు.

ఈ లోటు నాకు బాగా తగిలింది 2021లో. ఆ ఏడాది నవంబర్ 30న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు పోయారు. మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఒక సాయంత్రం కూర్చుని ఆయన పాటలు విందామనుకున్నాం. పాటలు ఏరి లిస్టు తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. యాప్‌లో తెలుగు అక్షరాల్లో 'సిరివెన్నెల' అని కొడితే ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 1986లో వచ్చిన 'సిరివెన్నెల' సినిమా పాటలు వచ్చాయి. ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరైంది కాబట్టి అవి రావడం సబబే. కానీ ఆ తర్వాత 35 ఏళ్ల పాటు ఆయన రాసిన పాటలన్నీ ఏమయ్యాయి? ఈమధ్య మళ్లీ వెతికి చూశాను. అదనంగా వచ్చిందల్లా 'శ్యామ్ సింగరాయ్'లో 'సిరివెన్నెల' అనే పాట. అది ఆయన చివరి పాటల్లో ఒకటి. అది కూడా పాట పేరు కలిసింది కాబట్టి వచ్చింది, రాసింది ఆయన కాబట్టి కాదు.

సీతారామశాస్త్రి అనే పేరుతో వెతికితే ఇంకో చిక్కు. ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చినప్పుడల్లా ఒక కొత్త పేజీ తెరుచుకుంది, ఒక్కోదాంట్లో కొన్ని పాటలు. ఒక మహాకవిని ముక్కలు చేసి తలో చోట పెట్టినట్టు అనిపించింది. ఇక లాభం లేదని గుర్తున్న పాటలన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాను. 'గాయం'లో 'నిగ్గదీసి అడుగు' పాట దొరికింది. ఆ పాటలో తెర మీద కనిపించేది కూడా శాస్త్రి గారే. అయినా యాప్‌లో ఆ పాట కింద ఆయన పేరు లేదు.

అన్నిటికంటే బాధ కలిగించింది 'తెలవారదేమో స్వామి'. 'శ్రుతిలయలు' సినిమా కోసం ఆయన రాసిన పాట అది, దానికి నంది అవార్డు కూడా వచ్చింది. యాప్‌లో అది అన్నమాచార్య కీర్తనల ప్లేలిస్టులో ఉంది! ఆ సాయంత్రం ఆ పాట పెట్టగానే మా పక్క బ్లాకు పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, "ఇది అన్నమయ్య కీర్తన కదమ్మా, ఇందులో ఎందుకు పెట్టావు?" అన్నారు. నేను కాదన్నాను. ఆవిడ ఫోన్ తీసి చూపించారు. అదే యాప్, అదే ప్లేలిస్టు. రోజూ పొద్దున పూజ చేసుకుంటూ వింటారట. సినిమా పేరు, సంవత్సరం అన్నీ చెప్పాక నమ్మారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మళ్లీ ఒకసారి పెట్టమ్మా, ఆయన రాశాడనుకుని వింటాను" అన్నారు. మళ్లీ పెట్టాం. అన్నమయ్యదే అనుకునేంత బాగా రాయడం ఆయన గొప్పతనం. ఆ గొప్పతనం ఎవరిదో తెలియకుండా పోవడం మాత్రం అన్యాయం.

కస్టమర్ కేర్‌కు రాశాను. వివరాలు ఆడియో కంపెనీల నుంచి వస్తాయని, తాము మార్చలేమని జవాబొచ్చింది. అందులో నిజం లేకపోలేదు. పాటతో పాటు వివరాల పట్టిక పంపేది కంపెనీలే, పాత పాటలకు అందులో రచయిత గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. కానీ ఆ కీర్తనల ప్లేలిస్టు తయారుచేసింది యాప్ వాళ్లే కదా! 2012లో కాపీరైట్ చట్టం మారాక గీత రచయితలకు రాయల్టీ హక్కు గట్టిపడింది. ఆ డబ్బు వచ్చే దారి వేరు, యాప్‌లో పేరు వేయకపోతే డబ్బు ఆగుతుందని నేననడం లేదు. నేనడుగుతున్నది పేరు గురించే.

2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక మీద కీరవాణి గారి పక్కన చంద్రబోస్ గారు కూడా నిలబడ్డారు. ఆ అవార్డు బాణీ కట్టినవాళ్లకీ పాట రాసినవాళ్లకీ ఇచ్చేది. ఆ రాత్రి యాప్ తెరిచి చూస్తే ఆ పాటకు రచయిత పేరు ఉంది. ఎంత సంతోషించానో! మిగతా పాటలకూ వేస్తారని ఆశపడ్డాను.

ఆ ఆశ సగమే తీరింది. ఆ తర్వాత ఒక అప్‌డేట్‌లో, పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే వివరాలు చూపించే సౌకర్యం ఇచ్చారు. కొత్త పాటలకు రచయిత పేరు దాదాపు తప్పకుండా ఉంటోంది, అందుకు వాళ్లను మెచ్చుకోవాల్సిందే. పాతవాటిలో ఎక్కువ భాగం ఇంకా ఖాళీ. పాటతో పాటు సాహిత్యం నడిచే ఫీచర్ గురించి మొదట్లో కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడూ బాగుందనే అంటాను, కానీ కొత్త పాటల వరకే. పాతవాటికి అక్కడక్కడా తప్పులున్నాయి, వేటూరి గారి సమాసం ఒకటి మూడు ముక్కలై అర్థం లేకుండా తయారైంది.

అయినా రెన్యూ చేశాను. ఇంట్లో నలుగురం ఒకే ప్లాన్ మీద ఉన్నాం, అమ్మకు భక్తి పాటలు, మా ఆయనకు కారులో ఇళయరాజా లేకపోతే కుదరదు. గాయకుల పేరుతోనో హీరో పేరుతోనో పాటలు వెతుక్కునేవాళ్లకు ఈ యాప్‌తో ఏ ఇబ్బందీ ఉండదు. నాలా సాహిత్యం కోసం వినేవాళ్లయితే మాత్రం ముందు ఒక నెలకే కట్టి చూడండి. చూడటానికి మూడు పాటలు చెప్తాను: 'అల్లూరి సీతారామరాజు'లో శ్రీశ్రీ 'తెలుగు వీర లేవరా', 'మాతృదేవోభవ'లో వేటూరి 'రాలిపోయే పువ్వా', 'ఠాగూర్'లో సుద్దాల అశోక్ తేజ 'నేను సైతం'. మూడూ సాహిత్యానికే జాతీయ అవార్డు తెచ్చుకున్న పాటలు. నా ఫోన్‌లో ఇవాళ్టికి సుద్దాల గారి పేరు ఒక్కటే కనపడుతోంది. మీ ఫోన్‌లో మిగతా ఇద్దరూ కనిపిస్తే ఏడాది ప్లాన్ తీసుకోండి, నాకూ చెప్పండి.