శ్రీకాకుళం తీరంలో మూడు రోజుల సైకిలు యాత్ర: అద్దె దుకాణం సేవపై సమీక్ష

శ్రీకాకుళం పట్టణంలో గేర్ల సైకిళ్లను అద్దెకు ఇస్తూ, తీరం వెంట తిరగదలచినవారికి ఏ రోజు ఎక్కడికి, ఏ దారిన వెళ్లాలో పట్టిక రాసి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి ఉంది. మొన్న ఫిబ్రవరిలో నేనూ మా తమ్ముడూ ఆ సేవను వాడుకున్నాము. పట్టిక విషయంలో ఆ యజమానికి ఎంత మెచ్చుకోలు చెప్పినా తక్కువే. సామాను విషయంలో మాత్రం ఒక లోపం మాకు సగం రోజును నష్టం చేసింది.

సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని బారువ దాకా ఒడ్డు వెంటే వెళ్లాలన్నది మా మొదటి ఆలోచన. ఆయన దానిని ఒప్పుకోలేదు. పటంలో కళింగపట్నం నుంచి అవతలి ఒడ్డు చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది గాని, మధ్యలో వంశధార సముద్రంలో కలుస్తుంది, అక్కడి ఇసుక మేటలు ఏటికేడు చోటు మారతాయి, సైకిళ్లతో ఆ మొగ దాటే ఆలోచన పెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పారు. అందుకే పగలు తీరం చూసి, నది అడ్డొచ్చిన చోట లోపలికి తిరిగి, జాతీయ రహదారి వంతెన మీద దాటి, రాత్రికి లాడ్జీలున్న ఊరు చేరేలా పట్టిక వేశారు. ఆ మలుపు వల్లనే శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాలు మా దారిలోకి వచ్చాయి. లేకపోతే వాటిని చూడకుండానే వెళ్లిపోయేవాళ్లము.

తేదీ ఎంపిక ఆయన నైపుణ్యానికి అసలైన నిదర్శనం. పౌర్ణమికి ఆటుపోట్ల తేడా ఎక్కువ, పైగా మన తీరంలో ఆ రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గేది మధ్యాహ్నం దాటాక. కాబట్టి ఉదయం శ్రీకూర్మం దర్శనం ముగించుకొని కళింగపట్నం వైపు ఇసుక మీదకు దిగే సమయానికి, తడిసి గట్టిపడిన వెడల్పాటి బాట మా చక్రాల కోసమే పరిచినట్లు దొరికింది. నీరు తగ్గే వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక మిగిలిన రోజుల సమయాలను కూడా ఆయన ముందే లెక్కకట్టి రాశారు. ఫిబ్రవరి నుంచి గాలి నైరుతి నుంచి వీచడం మొదలవుతుందని, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తే అది వీపు మీద ఉంటుందని చెప్పిన మాట కూడా నిజమైంది. పొడి ఇసుక మీద తొక్కవద్దని పట్టికలో ఎర్ర సిరాతో రాయడం నాకు ఎంతో నచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టేది ఆ పొడి ఇసుకలోనే మరి.

రెండో రోజు తేలినీలాపురంలో చింతచెట్ల కొమ్మల మీద గూడబాతులు పిల్లలకు మేత పెట్టడం చూసి, నౌపడ ఉప్పు మడుల గట్టు మీదకు వచ్చాము. అక్కడే సర్కారు తుమ్మ ముల్లు మా తమ్ముడి వెనుక చక్రంలో దిగింది. ట్యూబుకు అతుకు వేయడం మాకు తెలుసు. గాలి కొట్టబోతే, దుకాణం వారిచ్చిన పంపు మూతి లావుగా ఉంది, ఆ ట్యూబు వాల్వేమో సన్నని ప్రెస్టా రకం. రెండింటినీ కలిపే ఇత్తడి అడాప్టరు, అదీ చిటికెన వేలి గోరంత ముక్క, సంచిలో లేదు. ఊళ్లోని సైకిలు షాపు పంపు కూడా దానికి పట్టలేదు. చివరికి ఒక ఆటోవాలా సైకిలును పైన కట్టి పలాస చేర్చాడు. సామాను ఇచ్చేటప్పుడు పంపును ఆ వాల్వుకు ఒక్కసారి తగిలించి చూసి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు. మీరు తీసుకుంటే, దుకాణంలోనే గాలి తీసి మళ్లీ కొట్టి చూసుకోండి. గొలుసు నూనె సీసా కూడా అడిగి తీసుకోండి. ఉప్పు గాలికీ ఇసుకకూ మూడో ఉదయానికే మా గొలుసులు కిర్రుమన్నాయి.

పలాస నుంచి బారువ దాకా ఉద్దానం మీదుగా సాగిన చివరి రోజు గురించి పట్టికలో ఇంకొంచెం వివరం ఉండాల్సింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలను ఎంతగా నేలకూల్చిందో అందరికీ తెలుసు, తరువాత నాటిన మొక్కలన్నీ ఇంకా పాత చెట్ల ఎత్తుకు రాలేదు, చాలా దూరం నీడ లేకుండా తొక్కాల్సి వచ్చింది. మూత్రపిండాల వ్యాధితో ఇన్నేళ్లుగా బాధపడుతున్న ప్రాంతం కనుక తాగునీరు ఎక్కడ నింపుకోవాలో కూడా రాసి ఉండవలసింది. మేము శుద్ధినీటి సీసాలతో, కొబ్బరి బోండాలతో సరిపెట్టుకున్నాము. బోండాలు కొట్టిచ్చిన పెద్దాయన మా సైకిళ్ల వంక చూసి, "ఎండెక్కిపోతంది బాబూ, బేగి వెళ్లండి" అన్నారు.

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు చూసుకొని, బారువ నుంచి సైకిళ్లతో తిరిగి వచ్చాము. దుకాణంలో వాల్వు సంగతి చెప్పగానే యజమాని సాకులు చెప్పలేదు, ఒక రోజు అద్దె వెనక్కి ఇచ్చారు. వచ్చే మాఘ పౌర్ణమికి ఆ సైకిళ్లనే, ఆ పట్టికనే మళ్లీ తీసుకుంటాము, అడాప్టరు మాత్రం మా జేబులో ఉంటుంది.