ఇంగ్లీషు తరతమ రూపాలకు అచ్చుల లెక్క: 12 ఏళ్ల వాడకం తర్వాత

ఇంగ్లీషు విశేషణాలకు తరతమ రూపాలు, అంటే 'టాలర్', 'టాలెస్ట్' వంటి పోలిక రూపాలు, కట్టేటప్పుడు మాటలో పలికే అచ్చులను లెక్కపెట్టే పద్ధతిని నేను అనువాదాల్లోనూ, పాఠాలు చెప్పేటప్పుడూ 12 ఏళ్లుగా వాడుతున్నాను. ఒక్క అచ్చు పలికితే చివర 'అర్', 'ఎస్ట్' చేర్చాలి. మూడో అంతకు మించో పలికితే ముందు 'మోర్', 'మోస్ట్' పెట్టాలి. అసలు మాటనూ దాని రెండు పోలిక రూపాలనూ చూపే మూడు గడుల పట్టికను బట్టీ పట్టడం కంటే ఇదే నమ్మదగినదని నా అనుభవం, ఎందుకంటే పట్టికలో లేని మాట ఎదురైనా ఇది దారి చూపుతుంది.

అయితే ఈ లెక్క కంటితో కాక చెవితో చేయాలి. 'బ్రైట్' అనే మాటను ఇంగ్లీషులో ఆరు అక్షరాలతో రాసినా పలికే అచ్చు ఒక్కటే కనుక అది 'బ్రైటర్' అవుతుంది. మాటను అచ్చుతో ముగించడం అలవాటైన తెలుగు నాలుక 'టాల్'ను 'టాలు' అని, 'బిగ్'ను 'బిగ్గు' అని సాగదీస్తుంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి అలాగే రెండు అచ్చులు లెక్కపెట్టి 'మోర్ టాల్' అని రాసింది. ఆనాటి నుంచి చివరి ఉకారాన్ని తీసి రెండుసార్లు పలికించిన తర్వాతే లెక్క మొదలుపెట్టిస్తున్నాను.

రెండు అచ్చుల మాటల దగ్గర ఈ పద్ధతి నిలవదు. 'హ్యాపీ' చివరి 'వై'ని 'ఐ'గా మార్చుకొని 'హ్యాపియర్' అవుతుంది, 'కేర్‌ఫుల్' 'మోర్'ను కోరుతుంది, 'క్లెవర్', 'నారో' రెండు విధాలా చెల్లుతాయి. ఒకే అచ్చున్నా 'ఫన్'కు 'మోర్' వాడడమే మేలు. మూడు అచ్చులున్నా 'అన్‌హ్యాపియర్' సరైనదే. 'గుడ్, బెటర్, బెస్ట్' వంటి కొద్ది మాటలను బట్టీ పట్టక తప్పదు.

తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టే తప్పును మాత్రం ఈ లెక్క పట్టుకోలేదు. 'ఇది దానికంటే మంచిది', 'ఇది అన్నిటికంటే మంచిది' అన్నప్పుడు మన విశేషణం మారదు, పోలిక భారమంతా 'కంటే' మోస్తుంది; దానికి తోడు 'ఇంకా మంచిది' అని నొక్కి చెప్పే అలవాటు ఉండటంతో 'మోర్ బెటర్' సహజంగా నోట వచ్చేస్తుంది. 'బెటర్'లోనే పోలిక ఇమిడి ఉందన్న సంగతి నాకూ చాలాకాలం ఒంటబట్టలేదు. నేను రాసిన 'మోర్ ఈజియర్' ఒకసారి ప్రూఫులు దాటి అచ్చయింది. ఇప్పుడు 'చాలా', 'ఇంకా' అనిపించిన ప్రతి చోటా ఆగి, 'మచ్ ఈజియర్' లేదా 'ఈవెన్ ఈజియర్' అని రాస్తున్నాను.