పిట్స్‌బర్గ్: ఊరు చవక, హోటల్ బాదుడు

మనవాళ్లకి పిట్స్‌బర్గ్ అంటే పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, క్యాంటీన్‌లో పులిహోర, అంతే. అటునుంచి అటే కారు వెనక్కి తిప్పేస్తారు. ఈసారి అమ్మానాన్నా ఉన్నారు కదా, ఊరు కూడా చూపిద్దామని డౌన్‌టౌన్‌లో హోటల్ తీసుకున్నా. ఆన్‌లైన్‌లో 129 డాలర్లు అన్నాడు, టాక్సులతో 147 అయింది, సరేలే అనుకుంటే కారు పెట్టుకున్నందుకు ఇంకో 38! అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు తలెత్తకుండానే "వెబ్‌సైట్‌లో అడుగున రాశాం కదా" అన్నాడు. ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అంటే తలా ఒక అరటిపండు, కవర్లో చుట్టిన మఫిన్. నాన్న ఆ 38ని రూపాయల్లోకి మార్చుకుని "మూడు వేల పైచిలుకు, కారు పడుకోడానికా!" అని దారి పొడుగునా అదే పాట.

ఆయన్ని చల్లబరిచింది ఫోర్ట్ పిట్ బ్లాక్‌హౌస్. అలగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో అయ్యే చోట 1764లో ఇంగ్లిషువాళ్లు కట్టిన చిన్న ఇటుకల కట్టడం, ఊళ్లో అన్నిటికన్నా పాతది, టికెట్ లేదు. ఆ సంగమం చేతిలో ఉంటే నదుల రాకపోకలన్నీ చేతిలో ఉన్నట్టే, అందుకే 1754లో ఫ్రెంచివాళ్లు కోట కట్టారు, 1758లో ఇంగ్లిషువాళ్లు మీదికొస్తుంటే వాళ్లే తగలబెట్టి పోయారు. తర్వాత లేచిన ఫోర్ట్ పిట్ నుంచి నిలిచింది ఈ గదే. గోడలోని దూలాలకి తుపాకి గొట్టం పట్టేంత కన్నాలున్నాయి, నాన్న వంగి ఒక్కోదాన్లోంచీ చూసొచ్చారు. అమ్మ మాత్రం "మోకాళ్లు లాగుతున్నాయి, గుడికెప్పుడురా?"

యూనివర్సిటీలో 42 అంతస్తుల కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్, అందులో నలంద తీరులో కట్టిన ఇండియన్ రూమ్ బాగున్నాయి.

సాయంత్రం 1877 నాటి డుకేన్ ఇంక్లైన్ ఎక్కాం, పట్టాల మీద కొండెక్కే చెక్క పెట్టె. 1962లో మూతపడితే కొండమీది జనమే చందాలేసుకుని మళ్లీ నడిపించారట. రానూపోనూ మనిషికి 5 డాలర్లు, చిల్లర ఇవ్వరు, సరిపడా పట్టుకెళ్లండి. పైన ఇంకో 50 సెంట్లు వేస్తే మిషన్ గది చూడొచ్చు, పెద్ద చక్రానికి చెక్క పళ్లు! జనం ఊరి దీపాల ఫొటోలకే ఎగబడతారు గానీ నన్నడిగితే ఆ అర డాలరుదే అసలు మజా. అమ్మ కూడా మోకాళ్లు మర్చిపోయి కిటికీ సీటు కోసం నాన్నతో పేచీ పెట్టుకుంది.

రూమ్ మాత్రం గుడి వైపు మన్రోవిల్‌లో చూసుకోండి, బుక్ చేసేముందు పార్కింగ్ ఎంతో ఫోన్ చేసి అడగండి.