బడికి డిజిటల్ బోర్డు ఇద్దామనుకునే వాళ్లకు, ఒక లెక్కల టీచర్ రివ్యూ

పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు మొదలయ్యాయంటే నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది: "మేడం, మా బ్యాచ్ తరఫున బడికి డిజిటల్ బోర్డు ఇద్దామనుకుంటున్నం. పనికొస్తదా?" పరకాల వాళ్లు అడిగారు, నర్సంపేట వాళ్లు అడిగారు, హన్మకొండలో నాతో బీఈడీ చదివినావిడ కూడా అడిగింది. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. నేను వరంగల్ పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా పెద్ద తరగతుల గోడలకు 75 అంగుళాల టచ్ ప్యానెళ్లు ఉన్నాయి. కంపెనీ ఏదైనా లోపలి తీరు ఇంచుమించు ఒకటే కాబట్టి పేర్లతో పనిలేదు.

ముందు సైజు సంగతి. 75 అంగుళాలనేది మూల నుంచి మూలకు కొలత. దీన్నే మా పదో తరగతికి పైథాగరస్ లెక్కగా ఇచ్చాను. భుజాలు 16:9 నిష్పత్తిలో ఉన్నాయి, కర్ణం 75, మరి వెడల్పెంత, ఎత్తెంత? 256కు 81 కలిపితే 337. దాని వర్గమూలం 18.36. దాంతో 75ను భాగించి అటు 16తో, ఇటు 9తో గుణిస్తే వెడల్పు 65 అంగుళాల చిల్లర, ఎత్తు 37కు కొంచెం తక్కువ. అడుగుల్లో చెప్పాలంటే ఐదున్నరకు మూడు. వైశాల్యం 17 చదరపు అడుగులు కూడా లేదు. పక్కనున్న మా పాత గ్రీన్ బోర్డు 12 అడుగులకు 4, అంటే 48. లెక్క తేలగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "మూడో వంతు బోర్డుకు లక్ష దాటి పెట్టిండ్రా మేడం?" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. ఎత్తులు, దూరాల సమస్య ఒకటి మొదటి నుంచి చివరిదాకా చేస్తే ప్యానెల్ మీద చోటు అయిపోయి పేజీ జరపాల్సి వస్తుంది. పటం పైకి పోతుంది. అప్పటికి సగం మంది రెండో లైను దగ్గరే ఉంటారు. గ్రీన్ బోర్డు పీకేసి ఆ చోట్లో ప్యానెల్ బిగించిన బళ్లు చూశాను. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి.

ఇక మంచి మాట. కదిలించి చూపాల్సిన పాఠానికి దీన్ని మించింది లేదు. పటాలు, గ్రాఫులు గీసే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నెట్ లేకున్నా నడుస్తుంది. x² − 4x + c అని రాసి, c కి ఒక స్లైడర్ పెడతాను. c విలువ 3 ఉన్నప్పుడు వక్రం అడ్డగీతను 1 దగ్గరా 3 దగ్గరా కోస్తుంది. స్లైడర్‌ను మెల్లగా జరుపుతుంటే ఆ రెండు బిందువులూ దగ్గరికొస్తాయి. 4 దగ్గర ఒక్కటైపోతాయి. 5కు జరిపితే వక్రం గీతను వదిలేసి పైకి లేస్తుంది. 'విచక్షణి (b² − 4ac) రుణాత్మకమైతే వాస్తవ మూలాలు ఉండవు' అని ఏళ్ల తరబడి బట్టీ పట్టించిన వాక్యం ఇది. వేలితో జరుపుతూ పిల్లలే చూసుకుంటుంటే నేను నోరు మెదపాల్సిన పని లేదు. ఫిజిక్స్ సార్ ఇలాగే ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు, వాడుతారు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో మొదలుపెట్టినవి, తెలుగులోనూ కొన్ని ఉన్నాయి.

వీడియోల మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. అమ్మేవాళ్లు మొదట చూపించేది వాటినే అనుకోండి. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, స్కాన్ చేస్తే 2017లో వచ్చిన దీక్ష అనే ప్రభుత్వ పాఠాల వెబ్‌సైటులోకి పోతాయి. అక్కడ కొన్ని నిజంగా బాగుంటాయి. చిక్కు పిల్లల దగ్గర వస్తుంది. కరోనా ఏడాది 2020 సెప్టెంబర్ 1న టీవీ ఛానెళ్లయిన దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాయి కదా. అప్పట్లో ఐదు చదివిన పిల్లలు 2025లో పదికొచ్చారు. వీడియో పెట్టగానే వాళ్ల వీపు వెనక బెంచీకి ఆనుకుంటుంది, చేతిలో పెన్ను కింద పడుతుంది. అది టీవీ ముందు కూర్చునే తీరు. పావుగంట వీడియో చూసి "అర్థమైంది మేడం" అంటారు. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే కాగితం తెల్లగానే ఉంటుంది. అందుకే నేను వీడియోను రెండు నిమిషాలకు మించనివ్వను.

ఇన్ని చెప్పాక కూడా ప్యానెల్ ఉండాల్సిందే అంటాను. దానికి కారణం ఏ బ్రోచర్‌లోనూ పెద్దక్షరాలతో కనపడలేదు. నిన్న రాసింది ఇవాళ మళ్లీ తెరవొచ్చు, అంతే. మా దగ్గర దసరా దాటగానే పత్తి ఏరుడు, సంక్రాంతి పోయాక మిర్చి. ఏడెనిమిది తరగతుల పిల్లలు కూడా అమ్మతో చేనుకు పోతారు. రెండేళ్లకోసారి మేడారం జాతరొస్తే ఆ వారం తరగతి గదిలో ఉండేది నేనూ, నలుగురు పిల్లలూ. ఆ వెంటనే మార్చిలో పది పరీక్షలు. సుద్దముక్కతో చెప్పిన పాఠం డస్టర్‌తో పోయేది. వాళ్లు తర్వాత పక్కవాడి నోట్సు ఎత్తి రాసుకునేవాళ్లు, వాడు తప్పు రాస్తే ఆ తప్పుతో సహా.

ఇప్పుడు ప్రార్థన గంట కొట్టకముందే ఒకరిద్దరు వచ్చి నిలబడతారు. "నిన్న రాలే మేడం, పత్తికి పోయిన. నిన్నటి బోర్డు తియ్యుండ్రి." తీస్తాను. అందులో జవాబొక్కటే ఉండదు. రెండో స్టెప్పులో ఎవరో గుర్తు మార్చడం మర్చిపోయి రాసింది, దాని మీద నేను ఎర్రగా కొట్టేసింది, పక్కన ఆకుపచ్చలో మళ్లీ చేసింది, అన్నీ అట్లాగే ఉంటాయి. ఒకమ్మాయి ఆ ఎర్ర గీత దగ్గరే ఆగి, "ఇది ఎందుకు కొట్టేసిండ్రు?" అని అడిగింది. ఫెయిర్ నోట్సు చూసుకుంటే ఆ ప్రశ్న పుట్టదు. పీడీఎఫ్ చేసి తరగతి వాట్సాప్ గ్రూపులో కూడా వేస్తాను గానీ, చాలా ఇళ్లలో ఫోన్ నాన్నది, ఆయన చేను నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. పొద్దున్నే వచ్చి పెద్ద బోర్డు మీద చూసుకోవడమే వాళ్లకు సుఖం.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. రోజూ వచ్చే పిల్లలు రాసుకోవడం మానేస్తున్నారు, "సేవ్ అయితది కదా మేడం" అని. పరీక్ష కాగితం మీద, పెన్నుతో, స్టెప్పుకింత అని మార్కులు పడతాయి. కాబట్టి నోట్సులు చూసి సంతకం పెట్టాకే ఆ రోజు పీడీఎఫ్ బయటికి వదులుతాను. ఇంకొకటి, సేవ్ చేసేటప్పుడు తరగతి, పాఠం, తేదీ పేరులో పెట్టాలి. లేకపోతే వారం తిరిగేసరికి ఏది ఎవరిదో తెలియని ఫైళ్ల గుట్ట అవుతుంది, ఎవరో చోటు లేదని అన్నీ తుడిచేస్తారు.

ఇక చిరాకులు. చాలా ప్యానెళ్లలో టచ్ పనిచేసేది అంచు చట్రంలోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో. కిరణానికి ఏది అడ్డొచ్చినా అది వేలే అనుకుంటుంది. లాభమేమిటంటే పెన్ను పోయినా స్కెచ్ పెన్ను మూతతో రాసుకోవచ్చు. నష్టం చీర కట్టుకునేవాళ్లకు తెలుస్తుంది. చెయ్యెత్తి పైన రాస్తుంటే కింద కొంగు తగిలి త్రిభుజం మీద ఒక గీత పడుతుంది, క్లాసంతా నవ్వుతుంది. కొంగు దోపుకుని రాయడం అలవాటైంది. తొలకరిలో ఉసిళ్లు లేచిన రోజు అవి స్క్రీన్ మీద పాకుతూ వాటి లెక్కలు అవి రాసుకున్నాయి. ఒకసారి కుడివైపు జానెడు మేర టచ్ పోయింది. సర్వీసుకు ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నారు. ఈలోపు మా అటెండర్ పొడి మెత్తటి గుడ్డతో చట్రం సందంతా తుడిస్తే బాగైపోయింది. పక్క గ్రీన్ బోర్డు సుద్ద పొడే అందులో చేరింది.

టీచర్లకొక మాట. మనవాళ్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలన్నీ 'అను' అనే పాత తెలుగు టైపింగ్ ఫాంట్లలో ఉంటాయి. ఆ వర్డ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్యానెల్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి. నెట్ వీడియోలు కూడా ఇంటి దగ్గరే దించుకుని రండి. పదో తరగతి పిల్లల ముందు పాఠానికి బదులు ఏదో ప్రకటన మొదలైతే ఆ పీరియడ్ ఇక దక్కదు.

కరెంటుకొస్తే, ఈ సైజు ప్యానెల్ మూడు నాలుగు పాత ఫ్యాన్లంత లాగుతుంది. పోయి వస్తే మళ్లీ మొదలవ్వడానికి టైమ్ పడుతుంది, సేవ్ చేయని పేజీ పోతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయాలి, స్విచ్ ఆపితే చాలదు.

నా మార్కులు అడిగితే 5కి మూడున్నర. కొనేముందు ఐదు విషయాలు చూసుకోండి. యూపీఎస్ లేకుండా ప్యానెల్ ఒక్కటే ఇవ్వొద్దు. డబ్బు సరిపోకపోతే 65 అంగుళాలకు దిగకండి, రెండు బదులు ఒకటే 75 కొని పదో తరగతి గదిలో పెట్టించండి. బిగించే గోడ కిటికీకి ఎదురుగా ఉంటే మధ్యాహ్నం పీరియడ్లలో స్క్రీన్ మీద కిటికీయే కనిపిస్తుంది, పక్క గోడ చూసుకోండి. గ్రీన్ బోర్డుకు కనీసం నాలుగడుగుల దూరం ఉండనివ్వండి. వారంటీ కాగితం మీద సర్వీసు మనిషి హైదరాబాద్ నుంచి రావాలా, హన్మకొండలోనే ఉన్నాడా అన్నది రాయించుకుని, దాని జిరాక్స్ హెడ్‌మాస్టర్ దగ్గర ఒకటి, మీ బ్యాచ్ దగ్గర ఒకటి ఉంచుకోండి.