స్టార్ ట్రెక్ పాత ఆరు సినిమాల బ్లూ-రే సెట్: మా అవ్వతో కలిసి చూశాక

అంతరిక్ష ఓడ కథతో నడిచిన అమెరికా టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ నుంచి పుట్టిన మొదటి ఆరు సినిమాలతో 2009లో వచ్చిన ఏడు డిస్కుల సెట్ ఇది, సెకండ్ హ్యాండ్‌లో 2,300 రూపాయలకు దొరికితే ఆన్‌లైన్‌లో కొన్నాను. బైరాగిపట్టెడలో మా ఇంటికి చేరేసరికి లోపల డిస్కును పట్టుకునే పళ్లు విరిగిపోయి రెండో డిస్కు గలగలమంటోంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఇక్కడ బాగానే ఉండింది సార్" అని పెట్టేశాడు. గీతలు పడలేదు కాబట్టి సరిపోయింది, ఎందుకంటే నేను డబ్బులు పెట్టిందే ఆ రెండో డిస్కులోని సినిమా కోసం.

ముందు 1979 నాటి మొదటి సినిమా సంగతి. నెమ్మది, మామూలు నెమ్మది కాదు. హీరో కెప్టెన్ కిర్క్ తన అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్‌ను బయటి నుంచి చూసుకునే సీను ఒకటుంది, ప్రదక్షిణం చేసినట్టు ఎంతసేపు తిరుగుతారో! జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం లేకపోతే నేనూ నిద్రపోయేవాణ్ణి. ఇంతలో పెర్సిస్ ఖంబాటా వచ్చింది. 1965లో మిస్ ఇండియా అయిన బొంబాయి అమ్మాయి, ఈ వేషం కోసం నిజంగానే గుండు చేయించుకుంది. చంద్రగిరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అవ్వ అప్పటిదాకా కునుకు తీస్తున్నదల్లా లేచి కూర్చుని "ఏం నాయనా, ఈ పిల్ల కొండకు పోయొచ్చిందా?" అంది. తిరుపతిలో ఇంకేమనుకుంటారు!

ఈ సినిమాలో నేను పాజ్ చేసి చూసిన చోటు ఒకటుంది. ఓడలో గోడ మీద అదే ఎంటర్‌ప్రైజ్ పేరున్న పాత ఓడల బొమ్మలు వరసగా ఉంటాయి, వాటిలో నాసా స్పేస్ షటిల్ కూడా ఉంది. 1976లో ఆ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించింది స్టార్ ట్రెక్ అభిమానుల ఉత్తరాలే. అంతకుముందు 1968లో టీవీ సీరియల్‌ను ఆపేస్తారేమోనని ఉత్తరాలు కుమ్మరించి మూడో సీజన్ తెప్పించుకున్నదీ వాళ్లే. ఆ ఉద్యమం నడిపిన బీజో ట్రింబుల్ ఈ సినిమాలోనే ఓడ సిబ్బంది గుంపులో నిలబడి ఉంటుంది. 79 ఎపిసోడ్లతో 1969లో ఆగిపోయిన సీరియల్ పదేళ్లకు వెండితెరకెక్కిందంటే, ఆ గుంపులో నిలబడే హక్కు ఆమెకు కాక ఎవరికి ఉంటుంది చెప్పండి.

ఇక 1982 నాటి రెండోది, ద రాత్ ఆఫ్ ఖాన్. మొదటిదానికి దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు పోసిన స్టూడియో దీనికి అందులో మూడో వంతు కూడా ఇవ్వలేదు, అందుకే దర్శకుడు నికొలస్ మేయర్ పాత సెట్లనే మార్చి వాడుకున్నాడు, విలన్ ఓడ లోపలి భాగం కూడా హీరో ఓడ సెట్టే. కిర్క్, విలన్ ఖాన్ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడరు, అంతా ఓడల్లోని తెరల మీద మాటలే, అయినా ఆ పగ మనకు తగులుతుంది. సీరియల్ 1967 ఎపిసోడ్‌లో ఖాన్ వేషం వేసిన రికార్డో మాంటల్‌బాన్‌నే మళ్లీ తెచ్చారు. ఒక చచ్చిన గ్రహం మీద పచ్చదనం పుట్టుకొచ్చే నిమిషం పాటి సీను పూర్తిగా కంప్యూటర్ మీద చేసింది. చేసింది స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్‌లోని కంప్యూటర్ విభాగం, తర్వాత పిక్సార్ అనే యానిమేషన్ సంస్థ అయింది వాళ్లే. డబ్బు తక్కువున్నప్పుడే వీళ్ల బుర్ర బాగా పనిచేసిందని నా అభిప్రాయం.

మూడోది సరే, ఒకసారికి ఓకే. నాలుగోది లియొనార్డ్ నిమాయ్ తీసిన తిమింగలాల సినిమా, ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. ఐదోదాని గురించి అడక్కండి. 1991 నాటి ఆరోది మళ్లీ మేయర్‌దే, బాగుంది.

బొమ్మ విషయానికొస్తే రెండోది ఒక్కటే శుభ్రంగా ఉంది, మిగతావాటిలో ముఖాలు మైనం పూసినట్టున్నాయి. 4కె టీవీ ఉన్నవాళ్లు దీని జోలికి రాకుండా 2022 సెట్ చూసుకోండి. నాలాగా పాత టీవీ ఉంటే ఇది చాలు, కొనేముందు మాత్రం డబ్బా లోపలి ఫొటో అడగండి.

సినిమా మారినప్పుడల్లా అవ్వ "ఆ గుండు పిల్ల వస్తుందా?" అని అడిగేది. రాదవ్వా అంటే, "అయితే మొదటిదే పెట్టు" అంది. పెట్టాను, ప్రదక్షిణంతో సహా.