రవ్వ పళ్ళెం, గళ్ళ కాపీ: రెండేళ్ళు వాడాక

రాతలో వెనకబడ్డ పిల్లల కోసం కొన్నవాటిలో రెండేళ్ళ తర్వాత కూడా రోజూ బయటికి వస్తున్నవి రెండే: వేలితో అక్షరాలు రాయించడానికి రవ్వ పోసిన పళ్ళెం, లెక్కల గళ్ళ కాపీ (నోటుపుస్తకం). చుక్కలు కలిపే కాపీ రైటింగ్ పుస్తకాలు శుద్ధ దండగ. పిల్లలు ఎక్కడ పడితే అక్కడ మొదలెట్టి చుక్కలు కలిపేస్తారు. పేజీ ముచ్చటగా నిండుతుంది, తెల్ల కాగితం ఇస్తే చెయ్యి మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు పళ్ళెం సంగతి. అంచున్న పన్నెండంగుళాల ట్రే, ముదురు రంగుదైతే మేలు. స్టీలు పళ్ళెంలో గీత సరిగా కనపడదు. బొంబాయి రవ్వ పావుకిలో చాలు. ఎక్కువ పోస్తే వేలు తియ్యగానే గాడి కూలి అక్షరం పూడిపోతుంది. అక్షరాభ్యాసంలో వాడే బియ్యం ఇక్కడ పనికిరావు, గింజ లావు కావడంతో ఘ, ఝ మెలికలు తేలవు. బియ్యప్పిండి వేలికి అంటుకుంటుంది. వానాకాలంలో రవ్వ చెమ్మగిల్లితే మూకుట్లో కాస్త వేయించి చల్లార్చాలి. నెలకోసారి మార్చకపోతే పురుగు పడుతుంది.

రోజుకు మూడక్షరాలు, ఒక్కోటి ఐదుసార్లు, చూపుడువేలూ మధ్యవేలూ కలిపి. రాస్తున్నంతసేపూ ఆ శబ్దం పైకి పలకాలి, నోరు మూసుకుని రాస్తే సగం లాభం పోయినట్టే. ఐదోసారి కళ్ళు మూసుకుని. పది నిమిషాలు దాటిందంటే రవ్వ నేల మీదకొస్తుంది, ఆపేయడమే. ద, ధ ఒకే రోజు పెట్టొద్దు. ఒకటి చేతికి అలవాటయ్యాక, వారం పది రోజులు ఆగి రెండోది.

గుణింతాల్లో రెండు చోట్ల గట్టిగా కూర్చోవాలి. 'క'కు గుడి ఇచ్చేటప్పుడు తలకట్టు తియ్యడం మరిచి రెండూ పెడతారు. 'వు' రాసేటప్పుడు కొమ్మును కిందికి దించకుండా పక్కనే పైకి పెడతారు, అది కాస్తా 'మ' అయి కూర్చుంటుంది. 'ఆవు' రాశాననుకున్న పిల్లకు తప్పు ఎక్కడుందో అర్థం కాదు, ఎందుకంటే తన మనసులో అది 'వు'యే.

ఇక కాపీ. నాలుగు గీతల కాపీ ఇంగ్లీషు చిన్నక్షరాలకు బాగుంటుంది, తెలుగు వత్తుకు అందులో చోటు చాలదు. సెంటీమీటరు గళ్ళున్న కాపీ తీసుకుని ఒక చప్పట్టుకు ఒక గడి, వత్తుకు దాని కింది గడి అని నియమం పెట్టాలి. 'పుస్తకం' అని చప్పట్లు కొట్టించండి: పు, స్త, కం. మూడు. వత్తు రాని పిల్లలు 'పుసతకం' అని పైవరుసలో నాలుగు గళ్ళు నింపుతారు. మూడు కొట్టాం, నాలుగెందుకొచ్చాయని వాళ్ళే వెతుక్కుంటారు, ఎర్రసిరా అక్కర్లేదు. దీర్ఘం పలకడానికి హ్రస్వానికి రెట్టింపు సేపు, అంటే రెండు మాత్రలు, పడుతుంది కాబట్టి, 'కల'లో 'క'కు ఒక్క చప్పట్టు కొట్టి వదిలేస్తే, 'కాలం'లో 'కా'కు కలిపిన చేతులు ఇంకో లెక్క దాకా అలాగే ఉంచాలి. ఇక వత్తుల్లో విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి ముఖ్యంగా ఆరు: త, న, మ, య, ర, ల. మిగతావి చాలావరకు తలకట్టు తీసిన అక్షరాలే.

చప్పట్ల పద్ధతి చేతులెత్తేసేది శ, ష, స దగ్గర, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాల దగ్గర. ఇంట్లో మాటల్లో ఆ తేడా వినపడదు, చెవిని నమ్మి లాభం లేదు. ధనం, ధాన్యం, ధర లాంటి మాటలు ఐదేసి ఒక అట్ట మీద రాసి, వారమంతా అదొక్కటే చూపించడమే దారి.

ఇంగ్లీషుకు పళ్ళెం అంతగా కలిసిరాలేదు. చిన్న బి, డి తిరగబడకుండా చూసేంతవరకే. 'నైఫ్'లో పలకని 'కె' లాంటివాటికి చూడు, పలుకు, మూయి, రాయి, సరిచూడు అనే పాత పద్ధతే, రోజుకు ఐదు మాటలకు మించకుండా.

పెన్సిల్ విషయంలో మూడు పలకలది, 2బి. ఒత్తి రాసే పిల్లలకు హెచ్‌బి కంటే చెయ్యి తక్కువ నొప్పెడుతుంది, కాకపోతే ముల్లు త్వరగా అరుగుతుంది. రబ్బరు గ్రిప్పులు వదులై జారిపోతుంటాయి, కొనకపోయినా నష్టం లేదు.

ఇవన్నీ మొదలెట్టకముందే కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి. నాలుగైదు నెలలు రోజూ చేసినా కదలిక లేకపోతే నిపుణులతో అంచనా వేయించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో అభ్యసన లోపం కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు, అందుకని ఆ పని పదో తరగతి దాకా వాయిదా వెయ్యొద్దు.