కార్పొరేటర్‌గా, మాజీగా, మంత్రిగా: మా వీధి నాయకుడి మీద సమీక్ష

మూడు మోడళ్ళూ వాడి చెబుతున్నా, మా నాయకుడిలో మాజీ కార్పొరేటర్ మోడలే మేలు.

గుంటూరు కార్పొరేషన్‌కి 2005లో వచ్చిన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు 2021లో గానీ జరగలేదు. అన్నాళ్ళూ ప్రత్యేకాధికారుల పాలనే. ఆయన బాగా పనిచేసింది సరిగ్గా అప్పుడే. చేతిలో పదవి లేదు, ఎమ్మెల్యే టికెట్ మీద ఆశ ఉంది. పంపులో మురుగు వాసన వస్తోందంటే చాలు, పొద్దున్నే ఫిట్టర్‌ని బండి మీద ఎక్కించుకొచ్చి, అతుకు పడేదాకా గుంత పక్కనే నిలబడేవారు. తక్కెళ్ళపాడు ఫిల్టర్ ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళకు వంక పెట్టలేం. మా వీధి పైపే సైడు కాలువను ఆనుకుని ఉంది. నీళ్ళు కట్టేసి ప్రెషర్ పడిపోగానే తుప్పు పట్టిన చోటల్లా మురుగు పీల్చుకుంటుంది.

తర్వాత పక్క నియోజకవర్గంలో టికెట్ వచ్చింది, గెలిచారు, మంత్రి కూడా అయ్యారు. 175 మంది సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండకూడదు. అందులో ఒకరు మా వీధి మనిషంటే గర్వం కాదా? ఫ్లెక్సీకి నేనూ చందా ఇచ్చాను.

వేసవిలో మళ్ళీ వాసన మొదలైంది. ఫోన్ పీఏ ఎత్తి అర్జీ రాసివ్వమన్నాడు. క్యాంపు ఆఫీసుకు వెళ్తే ఆయన గుర్తుపట్టి "ఏం బాబాయ్, అమ్మాయి కులాసానా?" అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టారు. అసలు తంటా ఆ సంతకంతోనే వచ్చింది. కాగితం కమిషనర్ పేషీకి వెళ్ళి, మెట్టు మెట్టు దిగి, చివరికి మా వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) బల్ల మీదే పడింది.

"నాకు చెబితే సాయంత్రానికి అతుకు వేయించేవాణ్ణి కదండీ! ఇప్పుడిది మంత్రిగారి కాగితం. లైను మొత్తం మార్చడానికి ఎస్టిమేట్ వేసి పైకి పంపాలి. ఈలోగా అతుకు వేస్తే నన్ను పట్టుకుంటారు" అన్నాడాయన.

ఎస్టిమేట్ పైకి వెళ్ళింది. మేం క్యాన్ నీళ్ళు కొనుక్కుంటూ కూర్చున్నాం. ఓ రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందట! పంపు తిప్పితే అదే కంపు. చివరికి అతుకు వేయించింది కొత్త కార్పొరేటర్. ఆయనకీ ఎమ్మెల్యే టికెట్ మీద కన్నుందని వినికిడి.

పాత రోజుల గురించి ఒక మాట కూడా చెప్పాలి. అప్పుడు ఆయన ఇంటికీ అదే పైపు. ఇప్పుడు ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు ఉంటున్నారు, సొంత బోరు ఉంది.

అలాగని మంత్రిగా పనికిరారని అనను. మా తోడల్లుడి ఆపరేషన్‌కి ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు ఇప్పించింది ఆయనే. తిరుమల దర్శనానికి ఆయన లెటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. ఆసుపత్రి బిల్లులు, బదిలీలు ఉన్నవాళ్ళు నిక్షేపంగా వెళ్ళండి. నేను రిటైరైనవాణ్ణి, నాకు కావలసింది పంపు నీళ్ళు, పైగా ఇప్పుడు ఆయన ఓటర్ని కూడా కాదు. అందుకే అయిదుకి మూడు. మా తోడల్లుణ్ణి అడిగితే అయిదుకి అయిదూ ఇస్తాడు.